ఎలిమెంటరీ బడిలో సైన్స్ ల్యాబు: ముందు ఏం కొనాలని అడిగిన టీచరు గారికి

టీచరు గారూ,

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెబుతాను, చదివే మిగతావాళ్లకీ తెలుస్తుంది. కోనసీమలో రాజోలు వైపు ఎలిమెంటరీ బడి. మూడు, నాలుగు, ఐదు తరగతులు కలిపి నలభై రెండు మంది పిల్లలు. ఆ బడిలో చదివి పైకొచ్చినవాళ్లు కొందరు ఒక గదికి రంగులు వేయించి, ఇరవై వేలు మీ చేతిలో పెట్టి, సైన్స్ ల్యాబు పెట్టమన్నారు. ఏం కొనాలి, ఏం చేయించాలి, ఒక్కరే అంతమందిని ఎలా పట్టుకోవాలి, పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే ఎలా అన్నవి మీ సందేహాలు. చివరిదాని గురించే మీకు ఎక్కువ టెన్షన్‌గా ఉన్నట్టు అనిపించింది.

నేను ముమ్మిడివరం చుట్టుపక్కల ఎలిమెంటరీ బళ్లలోనే ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇంటర్ దాకా సైన్సు, ఆ తర్వాత టీచర్ ట్రైనింగు. నా చదువు అంతే. చేసిన పొరపాట్లు మాత్రం బాగానే ఉన్నాయి. అవే రాస్తాను.

డబ్బు సంగతి ముందు. ఆ ఇరవై వేలూ ఈ నెల ఖర్చు పెట్టకండి.

నేను హెడ్మాస్టరుగా వెళ్లిన ఒక బడిలో ఇనప బీరువా ఉండేది, దాన్నిండా సైన్స్ కిట్టు. వచ్చి అప్పటికే ఆరేళ్లు. నాకు చార్జి ఇచ్చినాయన తాళం చెవీ స్టాక్ రిజిస్టరూ నా చేతిలో పెట్టి, "ఒక్క వస్తువు పోకుండా అప్పజెబుతున్నానండి, లెక్క చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను. నిజంగానే ఒక్కటీ పోలేదు. స్ప్రింగు త్రాసు తుప్పు పట్టి బిగుసుకుపోయింది. సెల్స్ లోపలే కారిపోయి వైర్లని తినేశాయి. సముద్రం అక్కడికి ఆరు కిలోమీటర్లు, ఆ ఉప్పుగాలికి ఇనుము ఎన్నాళ్లు ఆగుతుంది? ఆయన్ని తప్పు పట్టను. పగిలితే జీతంలో కోస్తారేమోనని భయం. ఆ భయం మీకూ ఉంటుంది, అందుకే చెబుతున్నాను. స్టాక్ రిజిస్టరు చివర ఒక పేజీకి "వాడకంలో పోయినవి" అని పేరు పెట్టండి. ఏ తేదీన ఏది ఎలా పగిలిందో ఒక లైను రాసి, నెలకోసారి తల్లిదండ్రుల కమిటీ చైర్మన్ చేత సంతకం పెట్టించండి. నా సర్వీసులో ఆ పేజీ చూసి నన్ను ఒక్క మాట అన్నవాళ్లు లేరు.

ఆ తుప్పు త్రాసుతోనే ఆ బడిలో మొదటి పాఠం మొదలైంది. నాలుగు మేకులు తెప్పించాం. ఒకటి పొడి డబ్బాలో, ఒకటి కాలువ నీళ్లలో సగం మునిగేట్టు, ఒకటి ఉప్పునీళ్లలో అలాగే, ఇంకొకటి కొబ్బరినూనె పూసి మళ్లీ ఉప్పునీళ్లలో. వారం రోజులు. ఖర్చు రూపాయల్లోనే అయింది.

కొనాల్సి వస్తే, అన్నీ ఐదారేసి చొప్పున కొనండి. గొప్పది ఒక్కటి కొనొద్దు. మైక్రోస్కోపు ఒక్కటి కొంటే నలభై రెండు మంది వరసలో నిలబడాలి, ఒక్కొక్కరికి అర నిమిషం, అందులో సగం మందికి సొంత కనురెప్పల నీడే కనిపిస్తుంది. ఆ డబ్బుకి భూతద్దాలు డజను వస్తాయి. అవీ రాకముందు అట్టముక్కకి చిన్న కన్నం పెట్టి, టేపు అంటించి, దాని మీద ఒక నీటిబొట్టు వేయండి. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. ప్లాస్టిక్ కొలపాత్రలు, వంటింట్లో వాడే గ్రాముల కాటా ఒకటి, పాదరసం లేని థర్మామీటర్లు నాలుగైదు, టార్చి బల్బులు, సెల్స్, పాత స్పీకర్లలోంచి తీసిన అయస్కాంతాలు, సూదులు లేని సిరంజిలు, స్టీలు పళ్లేలు. తక్కెడ కొనక్కర్లేదు, రెండు కొబ్బరి చిప్పలూ ఒక కర్రా చాలు. సగం డబ్బు బ్యాంకులోనే ఉంచండి. సెల్స్, నిమ్మకాయలు, కోడిగుడ్లు, సబ్బులు ఏడాది పొడుగునా కావాలి.

ఇక నలభై రెండు మంది. బల్లలు వద్దు, వరండాలో కింద కూర్చోబెట్టండి. మూడు తరగతుల పిల్లల్నీ కలిపి ఆరేసి మంది చొప్పున ఏడు జట్లు. అందరికీ ఒకే సామాను, ఒకే ప్రశ్న. ఏడు జట్లకి ఏడు ప్రయోగాలు పెట్టడం చూడ్డానికి బాగుంటుంది, ఫొటోలూ బాగా వస్తాయి, మీరు మాత్రం ఏ జట్టు దగ్గరా నిలబడలేరు. జట్టులో వస్తువు మొదట మూడో తరగతి పిల్ల చేతికి వెళ్లాలన్నది నా రూలు. లేకపోతే ఐదో తరగతి కుర్రాడు లాక్కుని అంతా తనే చేసేస్తాడు. ఇంకోటి కూడా గమనించాను. మనం చూడకుండా వదిలేస్తే మగపిల్లలు వైర్లు కలుపుతారు, ఆడపిల్లలు నోట్సు రాస్తారు. ఎవరూ చెప్పకుండానే అలా పంచుకుంటారు. రాసే పని వంతులవారీ చేయండి.

వస్తువు ముట్టుకోకముందే ప్రతివాళ్లూ పలక మీద అంచనా రాయాలి. మునుగుతుందా, తేలుతుందా? వెలుగుతుందా, వెలగదా? రాసి పలక బోర్లించాలి. ఈ ఒక్క పనీ మానకండి, తక్కినవన్నీ మీ వీలు. అంచనా రాసినవాడు కళ్లు తిప్పడు. రాయనివాడు మనం చేసి చూపించిందానికి చప్పట్లు కొట్టి ఇంటికి పోతాడు. తప్పు అంచనాని చెరపనివ్వకండి, పక్కన ఏం జరిగిందో రాయించండి, చాలు. మాట్లాడుకోవడం మన యాసలోనే మాట్లాడుకోనివ్వండి, మీడియం ఏదైనా.

మీరు ఏ ప్రయోగాలు అని అడిగారు. పుస్తకంలోవి పుస్తకంలో ఉన్నాయి. మన నేల మీద మాత్రమే బాగా కుదిరేవి కొన్ని చెబుతాను.

ఇప్పుడు గోదారికి ఎర్రనీరు దిగే రోజులు. లీటరు సీసా నింపి తెండి, మీరే వెళ్లి తెండి, పిల్లల్ని రేవుకి పంపొద్దు. సీసాని బాగా కుదిపి కిటికీలో పెట్టండి. అడుగున మట్టి ఎంత ఎత్తు దిగిందో స్కేలుతో పదినిమిషాలకోసారి, తర్వాత గంటకోసారి, ఆ తర్వాత రోజుకోసారి కొలిపించండి. ఇసుక నిమిషాల్లో కూర్చుంటుంది. సన్నటి బంకమట్టి రోజులు గడిచినా నీళ్లని తేటపడనివ్వదు. రెండో సీసాలో కాస్త పటిక తిప్పితే తేడా అదే పూట కనిపిస్తుంది. ఎవరింట్లోనైనా ముసలమ్మని అడిగితే చిల్లగింజ సంగతి చెబుతుంది, బిందె లోపల అరగదీసేవాళ్లు. దొరికితే మూడో సీసా దానికి. తేటగా ఉన్న నీళ్లు తాగొచ్చా అని తప్పకుండా ఒకరు అడుగుతారు. తాగకూడదు. మట్టి దిగింది గానీ కంటికి కనపడని క్రిములు అలాగే ఉంటాయి.

ఈ మట్టి ఎక్కడిది అని అడిగించండి. ఇండియా మ్యాపు కింద పరిచి, నాసిక్ దగ్గర త్ర్యంబకం నుంచి మన సముద్రం దాకా దారం పెట్టించండి. 1,465 కిలోమీటర్ల నది అది. దారం అంతర్వేదికి చేరేసరికి ఎవరో ఒకరు సీసా అడుగున ఉన్న మట్టికేసి చూస్తారు. మన బడి నిలబడ్డ నేల కూడా అలా దిగిన ఒండ్రే అన్న మాట మీరు చెప్పకుండా ఎన్నాళ్లు ఆగగలరో చూడండి. నా దగ్గర ఒక ఏడు నాలుగో తరగతి పిల్లాడు మూడో రోజున చెప్పాడు, "అయితే మనూరు కూడా సీసాలో మట్టేనా మాస్టారూ" అని.

రెండోది ఉప్పు. మీ ఊళ్లో రొయ్యల చెరువులు ఉండే ఉంటాయి. వనామీ రకం రొయ్య వేసే రైతు ఇంట్లో పిల్లలకి పీపీటీ అన్న మాట మనకన్నా ముందే తెలుసు. "మా చెరువు పదిహేను పీపీటీ అండీ" అంటారు, అదేమిటో తెలియదు. లీటరు నీళ్లలో ఎన్ని గ్రాముల ఉప్పు అన్నదే ఆ లెక్క. సముద్రం సుమారు 35. కాబట్టి నూరు మిల్లీలీటర్ల సముద్రపు నీళ్లు స్టీలు పళ్లెంలో పోసి ఎండలో పెడితే మూడున్నర గ్రాముల దాకా ఉప్పు మిగలాలి. కాటా మీద పళ్లెం బరువు ముందే రాసుకోవాలి, అది మర్చిపోతే అంతా మళ్లీ మొదటికి. మీ గ్రాముల కాటా అర గ్రాము చూపించకపోతే అర లీటరు పోయండి. ఫిబ్రవరి, మార్చిలో బాగా కుదురుతుంది, ఈ వానల్లో వద్దు. కాలువ నీళ్లు, బోరు నీళ్లు, చెరువు నీళ్లు పక్కపక్కన ఎండబెట్టండి. తీరం దగ్గర ఊళ్లలో బోరు నీళ్ల పళ్లెం చూసి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు. చెరువు రైతుని ఒకసారి తన సెలైనిటీ మీటరు పట్టుకుని రమ్మనండి. నేను పిలిచినాయన చదువు ఐదుతో ఆగింది, ఆ రోజు లుంగీ మార్చి ప్యాంటు వేసుకొచ్చాడు.

గుడ్డు ప్రయోగం అందరూ చేస్తారు: మంచినీళ్లలో మునుగుతుంది, ఉప్పునీళ్లలో తేలుతుంది అని. సముద్రపు నీళ్లలో వేసి చూసినవాళ్లు తక్కువ. తాజా గుడ్డు అందులోనూ మునుగుతుంది! అది తేలడానికి సముద్రానికి మూడింతలో, అంతకన్నా కాస్త ఎక్కువో ఉప్పు పడుతుంది. చెంచా చెంచా వేయిస్తూ లెక్క రాయించండి. ఒకసారి నా క్లాసులో ఒక జట్టు గుడ్డు మామూలు నీళ్లలోనే తేలిపోయింది. పిల్లలు మంత్రం అన్నారు, నాకు చెమట పట్టింది. పగలగొట్టి చూస్తే కంపు. పాతబడే కొద్దీ గుడ్డు లోపలి నీరు ఆవిరైపోయి గాలి గది పెరుగుతుంది, అందుకే తేలింది. ఆ రోజు అనుకున్న పాఠం జరగలేదు. మర్నాడు పిల్లల తల్లులు కొట్లో గుడ్లు నీళ్లలో వేసి చూసి కొంటున్నారని కొట్టాయన నా మీద కోపగించుకున్నాడు. అన్నట్టు, గుడ్లు బయటే కొనండి. మధ్యాహ్న భోజనం గుడ్ల జోలికి మాత్రం పోకండి, వాటి లెక్క వేరు.

మూడోదానికి పైసా ఖర్చు లేదు. మీ బడిలో జెండా కర్ర ఉంది కదా. మధ్యాహ్నం పూట దాని నీడ ఎటు పడుతుంది? టీచర్లని అడిగినా ఎక్కువమంది ఉత్తరానికి అంటారు, సూర్యుడు మనకి దక్షిణంగా పోతాడని లెక్క. మనం 16½ డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం. జూన్‌లో బడి తెరిచిన రోజుల్లో నడినెత్తి దాటి సూర్యుడు మనకి ఉత్తరంగా ఉంటాడు. ఐదు మీటర్ల కర్రకి దాదాపు రెండడుగుల నీడ దక్షిణం వైపు పడుతుంది. జూన్ 21 దాటాక రోజురోజుకీ కురచ అవుతూ ఆగస్టు 6 ప్రాంతంలో అసలు నీడే ఉండదు. ఆగస్టు 15న జెండా ఎగరేసే నాటికి ఉత్తరం వైపు జానెడు నీడ తేలుతుంది. మే 7 ప్రాంతంలో కూడా ఒకసారి నీడ మాయమవుతుంది గానీ అప్పుడు సెలవులు. ఆగస్టులో మబ్బులు అడ్డం వస్తాయి, నిజమే. వారానికి రెండు రోజులు ఎండ కాసినా చాలు, నీడ కొసన సుద్దముక్కతో గీత గీసి తేదీ వేయించండి. మన దేశపు గడియారాలకి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ కాకినాడకి దగ్గరలోనే పోతుంది కాబట్టి, మనకి గడియారం పన్నెండూ సూర్యుడి పన్నెండూ పెద్ద తేడా ఉండవు. ఆగస్టులో పన్నెండు దాటి ఏడెనిమిది నిమిషాలకి చూడండి.

డిసెంబరు వస్తే కొబ్బరినూనె సీసా. 24 డిగ్రీల దగ్గర గడ్డకట్టే నూనె మన వంటింట్లోనే ఉంటే, ఘనం, ద్రవం అని బోర్డు మీద మంచుముక్క బొమ్మ గీయడం దేనికి? ధనుర్మాసంలో పొద్దున్నే సీసా పక్కన థర్మామీటరు పెట్టి, గడ్డగా ఉందా, కరిగిందా, ఎన్ని డిగ్రీలు అని నెల రోజులు రాయించండి. 24 అన్న అంకె వాళ్లే పట్టుకుంటారు. సరిగ్గా అదే అంకె దగ్గర గడ్డకట్టదు, ఇంకాస్త చల్లబడేదాకా మొరాయిస్తుంది. అదీ రాయనివ్వండి.

పసుపు కాగితాలు, సబ్బునీళ్లు, నిమ్మరసం మీకు తెలిసినవే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం పారాణి చూసిన ప్రతి పిల్లకీ తెలుసు, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. మందారం, శంఖుపుష్పం రసాలు కూడా రంగులు మారతాయి. సున్నం మాత్రం మీరే కలపండి. కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది.

జాగ్రత్తల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. యాసిడ్లు, స్పిరిట్ దీపాలు ఎలిమెంటరీలో వద్దే వద్దు. నిప్పు మీ చేతిలోనే ఉండాలి. కరెంటు అంటే ఒకటిన్నర వోల్టుల సెల్ మాత్రమే, గోడలోని ప్లగ్గు జోలికి పోకూడదని మొదటి రోజే చెప్పండి, రెండో రోజూ చెప్పండి. బొమ్మల్లో ఉండే బిళ్ల సెల్స్, చిన్న చిన్న గట్టి అయస్కాంతాలు గదిలోకే రానివ్వకండి. మింగితే పేగులకి చిల్లులు పడతాయి. బురద నీళ్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి.

ఇప్పుడు మీ అసలు భయం, జవాబు తెలియకపోతే ఎలా అన్నది.

పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తాం. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో ఐదోవంతు ఆక్సిజన్, అది ఖర్చయిపోయింది, ఆ చోటుకి నీళ్లు ఎక్కాయి అని నేను పదిహేనేళ్లు చెప్పాను. గ్లాసు మీద ఐదు భాగాలు గీతలు కూడా గీసి చూపించేవాడిని. ఒకసారి ఐదో తరగతి అమ్మాయి ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెట్టమంది. పెట్టాను. నీళ్లు ఇంకా పైకి ఎక్కాయి. "గ్లాసు అదే కదండీ, ఆక్సిజన్ ఎక్కువెలా వచ్చింది?" అంది. నాకు నోట మాట రాలేదు. "తెలీదమ్మా, కనుక్కుని సోమవారం చెబుతాను" అన్నాను. అన్నాక క్లాసంతా ఒక్కసారి నిశ్శబ్దం. మాస్టారికి తెలియకపోవడం వాళ్లు మొదటిసారి చూశారు.

శనివారం సైకిలేసుకుని హైస్కూలు ఫిజిక్స్ మాస్టారి ఇంటికి వెళ్లాను. ఆయన చెప్పింది ఇది. మంట వేడికి గ్లాసులో గాలి వ్యాకోచిస్తుంది, గ్లాసు దింపేటప్పుడే కొంత బయటికి పోతుంది, అంచు దగ్గర బుడగలు చూడు. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, అప్పుడు బయటి గాలి ఒత్తిడి నీళ్లని లోపలికి నెడుతుంది. మూడు కొవ్వొత్తులంటే వేడి ఎక్కువ, బయటికి పోయిన గాలీ ఎక్కువ. ఆక్సిజన్ మొత్తం అయిపోకుండానే మంట ఆరిపోతుంది, ఖర్చయినదానికి బదులు కార్బన్ డయాక్సైడూ పుడుతుంది. అంతా విన్నాక, నేను నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో ఇన్నేళ్లూ చూడనే లేదని తెలిసింది. మంట వెలుగుతున్నంతసేపూ అవి పెద్దగా కదలవు, ఆరబోతుండగా, ఆరిపోయాక గబగబా ఎక్కుతాయి. ఆక్సిజన్ కథే నిజమైతే మొదటి నుంచీ మెల్లగా ఎక్కుతూ ఉండాలి కదా.

సోమవారం ఆ మాట వాళ్లకి చెప్పలేదు. మళ్లీ గ్లాసు బోర్లించి, "నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో మాత్రం చూడండి" అన్నాను. రెండు పీరియడ్లు పట్టింది. లెక్కల క్లాసు పోయింది, ఆ వారం సిలబస్ వెనకబడింది. పై నెలలో సర్దుకున్నాం.

అందుకని మీ గది గోడ మీద ఒక చార్టు ఖాళీగా అతికించండి. పిల్లలు అడిగి, మీరు చెప్పలేకపోయినవి తేదీతో, అడిగినవాళ్ల పేరుతో అందులో రాయండి. కొన్ని ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి, ఫరవాలేదు. నా చార్టులో "కొబ్బరికాయలోకి నీళ్లు ఎలా ఎక్కాయి" అన్నది రిటైరయ్యే నాటికీ సగం జవాబుతోనే ఉంది.

ల్యాబు ప్రారంభోత్సవం, రిబ్బను, ఫ్లెక్సీ ఉంటాయని రాశారు. చేయనివ్వండి, డబ్బిచ్చినవాళ్లకి ముచ్చట ఉంటుంది. ఆ రోజు వాళ్లకి చూపించడానికి సామాన్లు లేవని చిన్నబుచ్చుకోకండి. కిటికీలో ఎర్రనీళ్ల సీసాలు మూడు వరసగా ఉంటే చాలు, పిల్లల చేత స్కేలు పట్టించి కొలిపించండి. సీసాల మీద నీళ్లు పట్టిన తేదీ, రేవు పేరు రాసిన చీటీ అంటించడం మాత్రం మర్చిపోవద్దు. నేను మొదటి ఏడు అది రాయకపోవడం వల్ల వారం రోజుల కొలతలు పారబోశాను.